అందరూ ఎక్కారా?

ఆ మంగళవారం ఉదయం పొన్సో వేసుకున్న పథకం చాలా చిన్నది. మేడ మీదికి వెళ్ళి శవాన్ని చూడాలి. వాళ్ళు పెట్టే కోడి జావ ఒక గిన్నెడు తాగాలి. కిందికొచ్చి షాపు తెరిచి, పోయినవాడి స్థానంలో జట్టుకి ఐదో మనిషిని వెతకాలి. భోజనాల వేళకి అన్నీ తెమిలిపోతాయనుకున్నాడు. మనిషి చిన్న పథకం వేసుకున్న రోజే దేవుడికి తీరిక దొరుకుతుంది.

శాన్ పాబ్లోలో చెరువుగట్టు వీధిలో పొన్సోది కంప్యూటర్ షాపు. ఒకప్పుడు అక్కడ సీటు కోసం కుర్రాళ్ళు కాలర్లు పట్టుకునేవారు. ఇప్పుడు ప్రతి వెధవ చేతిలోనూ ఫోనుంది. షాపుకి మిగిలినవి రెండే: తలుపు తీస్తే అడక్కుండా లోపలికొచ్చే చెరువు పొగమంచు, ఐదుగురు మనుషుల తుపాకీ ఆట జట్టు. మొన్నటితో అది నలుగురైంది.

ఆ ఐదోవాడు మాంగ్ ఉస్టింగ్. మేడ ఆయనదే, పైన కాపురం, కింద షాపు. బస్సు కండక్టరుగా జీవితమంతా నిలబడి, ఉద్యోగం అయిపోయాక రోజూ ఉదయం పదింటికి మెట్లు దిగి ఏడో సీట్లో కూర్చునేవాడు. ఆటలో ఆయన పేల్చిన తూటా ఏదీ ఎవరికీ తగిలిన దాఖలా లేదు. ఎవడు పడిపోతే వాడి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి లేపడమే ఆయన పని. ఆట మొదలయ్యే ముందు మాత్రం పాత అలవాటు పోక తెర మీద టైపు చేసేవాడు: "అందరూ ఎక్కారా?"

షాపు గోడకి ఒక తెల్లబోర్డు ఉంది. ఆ వారం ఎవరివి ఎన్ని కిల్సో పొన్సో దాని మీద రాస్తాడు. మొదటి స్థానం వచ్చినవాడికి ఒక గంట ఆట ఉచితం. అన్నిటికంటే పైన ఎప్పుడూ జెర్విన్ పేరు, అన్నిటికంటే కింద ఎప్పుడూ మాంగ్ ఉస్టింగ్ పేరు, దాని పక్కన సున్నా. చంపినవాడి లెక్క గోడకెక్కుతుంది, బతికించినవాడి లెక్క ఎవడికీ పట్టదు. ఇదేదో ఆటలోని లోపం అనుకునేవాళ్ళు ఇంకా లోకం చూడలేదన్నమాట. ఆ బోర్డు పుణ్యమా అని జట్టులో ప్రతివాడూ తన సంఖ్య కోసం తలో దిక్కూ పరిగెత్తేవాడు, తలో దిక్కునా చచ్చేవాడు. ఏడాదిగా జట్టు ఒక్క పోటీ గెలిచింది లేదు.

మేడ మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. పెట్టె పక్కన బంధువులు పేకాట వేస్తున్నారు. జట్టు నలుగురూ బల్ల మీద వరసగా కూర్చుని జావ తాగుతున్నారు: మూడు చక్రాల బండి నడిపే జెర్విన్, ఎదుటి బేకరీలో పనిచేసే మైలెన్, చెరువులో చేపల దడులు కాసే కవలలు నిలో, నోనొయ్.

"ఎంత మంచి మనిషి! నన్ను ఎన్నిసార్లు లేపాడో" అని జెర్విన్ ముక్కు ఎగబీల్చాడు. "ముసలాయన అడ్డం కుయా, మార్చేద్దాం" అని పోయిన వారం, తను కుయా, అంటే అన్న, అని పిలిచే పొన్సోతో అన్నదీ ఆ నోరే. చచ్చినవాడి కళ్ళు చారెడు.

"అదేంటి, జనరల్ కనపట్టంలేదు?" అన్నాడు నిలో.

జనరల్ అంటే మాంగ్ ఉస్టింగ్ పెంచుకున్న ఎర్ర పుంజు. వరండాలో దాని బుట్ట ఖాళీగా బోర్లించి ఉంది. నలుగురూ బుట్టని చూశారు. తర్వాత ఎవరి గిన్నెలోకి వాళ్ళు చూసుకున్నారు.

"ముక్క గట్టిగానే ఉంది" అన్నాడు నోనొయ్.

తాగడం మాత్రం ఎవరూ ఆపలేదు.

ఆలింగ్ చోలెంగ్, అంటే పోయినాయన భార్య, నల్లబట్టల్లో నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళలో తడి లేదు. వేలితో పొన్సోని పిలిచింది.

"జావ బాగుందా?"

"చాలా బాగుందండి."

"ఆయన పోయిన నలభయ్యో రోజు దాకా ఉండనిస్తాను. ఆ తర్వాత షాపుకి తాళం. మంచినీళ్ళ షాపు పెడతామని ఎవరో అడుగుతున్నారు."

పొన్సో చేతిలో చెంచా ఆగిపోయింది. ఈ షాపు పోతే అతనికి ఇంకో పని రాదు. ఆరో తరగతితో బడి మానేసినవాడికి ఏ ఆఫీసూ కుర్చీ వేసుకుని కాచుకోదు.

"ఆ రోజే కదండీ ఊరి పండగ, ఫియెస్తా పోటీ! అవతలి గట్టు జట్టుతో. అది గెలిస్తే వచ్చే ఏడాది పేట పోటీలన్నీ మన షాపులోనే పెడతామన్నారు. మళ్ళీ జనం వస్తారు."

"గెలిస్తే ఉండు. నేను కాదనను." ఆవిడ బల్ల మీది నలుగుర్నీ చూసింది. "ఆ జెర్విన్ ఒక్కణ్ణి చంపడానికి తనవాళ్ళు నలుగుర్నీ చంపిస్తాడు. వాడు బాంబు విసిరితే పడేది మైలెన్ కాళ్ళ దగ్గరే. కవలలు ఎటు పరిగెడతారో వాళ్ళకే తెలీదు. మీరు గెలవడమేంటి?"

జన్మలో షాపు గుమ్మం తొక్కని మనిషికి ఇవన్నీ ఎలా తెలుసని పొన్సోకి ఆశ్చర్యం వేసింది. మొగుడు రాత్రి అన్నంలోకి రోజూ ఇదే నంజుకుని ఉంటాడని సరిపెట్టుకున్నాడు.

వాళ్ళు మెట్లు దిగేసరికి కుండపోతగా వాన. ఐదుగురూ మెట్ల కింద ఇరుక్కుని నిలబడ్డారు.

"శవాన్ని చూసి నేరుగా ఇంటికెళ్ళకూడదు. ఎక్కడో ఒకచోట ఆగి దులుపుకోవాలి. లేకపోతే పోయినవాళ్ళు వెంట వచ్చేస్తారు" అంది మైలెన్. "బేకరీకి పోదాం పదండి. తలో పాండెసాల్ రొట్టె తిని వెళ్దాం."

"ఈ వానలో రోడ్డు దాటాలా? ఇదిగో షాపు. ఇదీ ఇల్లు కాదుగా? ఇక్కడే దులుపుకుందాం. ఒక ఆట కూడా వేసుకోవచ్చు" అన్నాడు జెర్విన్. మూడు రోజులుగా ఆట లేక బోర్డు మీద అతని సంఖ్య కదల్లేదు. అదీ అతని అసలు దుఃఖం.

అలా ఐదుగురూ పై మేడలోని శవం దగ్గర్నుంచి దిగి, అదే మేడ కింద భుజాలు దులుపుకుని, కాళ్ళు విదిలించి, హాయిగా కూర్చున్నారు. ఏడో సీటు జోలికి ఎవరూ పోలేదు. ఆయన పోయిన రోజే ఆ కంప్యూటరు ప్లగ్గు పొన్సో పీకేశాడు. గౌరవంతో కాదు, కరెంటు ఆదా అని.

ఆట తెరుచుకుంది. జట్టు పేర్ల వరసలో నాలుగు పేర్ల పక్కన పచ్చచుక్కలు వెలిగాయి. కాసేపటికి ఐదో పేరు పక్కన కూడా వెలిగింది. మాంగ్ ఉస్టింగ్. కనురెప్ప వేసినంత సేపు ఉండి ఆరిపోయింది.

"చూశారా?" అంది మైలెన్.

"వానకి లైను అటూ ఇటూ అవుతుంది" అన్నాడు పొన్సో. అన్నాడే గానీ ఏడో కుర్చీని గోడవైపు తిప్పి పెట్టాడు.

తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యాయి. ఐదో మనిషి మాత్రం దొరకలేదు. పచ్చచుక్క సంగతి కవలలు చేపలతో పాటు వీధంతా పంచేశారు. పదో రోజు ఉదయం, రేకుల మీద వాన దడదడలాడుతుండగా, సరిగ్గా పది కొట్టేసరికి ఆ పేరు పక్కన పచ్చచుక్క మళ్ళీ వెలిగింది. ఈసారి ఆరలేదు.

తెర మీద ఒక్కొక్క అక్షరమే, చాలా నెమ్మదిగా, ఎవరో మట్టి లోపల్నుంచి చెయ్యి పైకి పెడుతున్నట్టు వచ్చింది: "అందరూ ఎక్కారా?"

 ఆట దానంతటదే మొదలైపోయింది. మాంగ్ ఉస్టింగ్ బొమ్మ కాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత నడిచింది. నేరుగా వెళ్ళి గోడకి గుద్దుకుంది. వెనక్కి రాలేదు, గోడకి ముఖం ఆనించి అలాగే నడుస్తూ ఉంది.

"ఏం చేస్తున్నాడు?" అన్నాడు నిలో.

"గోడలోంచి పోదామని చూస్తున్నాడు. కొత్త కదా, ఇంకా అలవాటు కాలేదు" అన్నాడు నోనొయ్.

పొన్సో మైలెన్ హెడ్‌ఫోన్లు తీసి చెవికి పెట్టుకున్నాడు. అవతల ఎవరిదో ఊపిరి. గాజుగ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు. మాంగ్ ఉస్టింగ్ ఎప్పుడూ అలాగే కాఫీ కలుపుతూ ఆడేవాడు. ఆ తర్వాత, స్పష్టంగా, పుంజు కూసింది.

"జనరల్!" అన్నాడు పొన్సో.

"జనరల్‌ని మనం తిన్నాం కదా కుయా?" అన్నారు కవలలు ఒకేసారి.

"అందుకే ఆయన దగ్గరికి చేరాడు" అంది మైలెన్, శిలువ గుర్తు వేసుకుంటూ.

జెర్విన్ ఒక్కడే బింకంగా ఉన్నాడు. "దయ్యమైతే మనకేంటి? దాని ఆట దానిది, నా ఆట నాది" అని మామూలుగానే ఒంటరిగా దూరం పరిగెత్తాడు. ఇద్దర్ని చంపాడు, మూడోవాడి చేతిలో కూలబడ్డాడు. "లేపండి, లేపండి!" అని అరిచాడు.

మాంగ్ ఉస్టింగ్ బొమ్మ గోడని వదిలిపెట్టి అతని దగ్గరికి వచ్చింది. వచ్చి, పక్కన నిలబడి, కిందికి చూస్తూ ఉండిపోయింది. లేపలేదు. జెర్విన్ బొమ్మ ప్రాణం గీత తరిగిపోతోంది. ఏ కదలికా లేదు. ఆ చూపుకి జెర్విన్ కుర్చీలోనే వెనక్కి జరిగాడు.

"మాంగ్ ఉస్టింగ్... తప్పయిపోయింది. అడ్డం అన్నది నిజమే. ఊరికే అన్నాను" అని గొణిగాడు.

భయంతో మిగతా ముగ్గురి బొమ్మలూ పరిగెత్తుకుంటూ వచ్చి ఆయన చుట్టూ చేరాయి. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఆ బొమ్మ వంగి జెర్విన్‌ని లేపింది.

"అందరం ఒక్కచోట చేరితేనే లేపుతాడు. బస్సు నిండితేనే రైట్ చెప్పేవాడు గుర్తుందా?" అంది మైలెన్.

ఇక ఆ రోజు నుంచి వాళ్ళు ఆడిన పద్ధతే వేరు. నలుగురూ ఆ చచ్చినాయన బొమ్మని పట్టుకుని, తల్లికోడి చుట్టూ పిల్లల్లా, ఒక్క ముద్దగా తిరిగేవారు. ఒకడు పడితే ముగ్గురు కాపు కాసేవారు, ఒకరు లేపేవారు. విడిపోతే ఏమవుతుందో చూసే ధైర్యం ఎవరికీ లేదు. జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఐకమత్యమే బలమని బడి గోడల మీద రాస్తారు గానీ, ఆ ఐకమత్యం దేన్నుంచి పుడుతుందో రాయరు. నిక్కచ్చిగా భయం నుంచి.

గెలుపు వార్త కంటే దయ్యం వార్త ముందు పాకింది. పిల్లల్ని షాపు వైపు పోవద్దని తల్లులు కట్టడి చేశారు. వచ్చేవాళ్ళు ఆడటానికి రాలేదు, చూడటానికి వచ్చారు. ఏడో సీటు ముందు బియ్యప్పిండి పుతోలు, సిగరెట్లు, చిన్న జిన్ను సీసాలు పెట్టి దండాలు పెట్టసాగారు. ఒకామె అయితే లాటరీకి ఏ అంకె వేయమంటావని ఏడో కుర్చీని అడిగి, బోర్డు మీద ఆయన పేరు పక్కనున్నది చూసి, "సున్నా!" అని అరుచుకుంటూ పరిగెత్తింది. ఆ వారం వీధి వీధంతా సున్నా వేసి మునిగింది. ఆ కోపం పొన్సో మీదికి వచ్చింది. షాపు తలుపు మీద ఎవరో బొగ్గుతో శిలువ గీశారు. జట్టు తప్ప ఒక్క మనిషి సీట్లో కూర్చోవడం లేదు.

మైలెన్ వెళ్ళి లోలా బియాంగ్‌ని తీసుకొచ్చింది. చెరువు అవతల ఉండే ముసలావిడ. మైనం కరిగించి నీళ్ళలో పోసి, పట్టినదేమిటో చెప్తుంది. మధ్యాహ్నమే దీపాలు వేయాల్సినంత మబ్బుగా ఉంది. ఆవిడ బేసిన్‌లో మైనం పోసింది. అది గడ్డకట్టి ఏదో ఆకారమైంది. కవలలకి అది పుంజులా కనపడింది, జెర్విన్‌కి తుపాకీలా, పొన్సోకి తాళంకప్పలా.

"శవం దగ్గర్నుంచి వచ్చి ఎక్కడ దులుపుకున్నారు?" అంది లోలా బియాంగ్.

కవలలు జెర్విన్ వెనక్కి జరిగారు.

"ఎక్కడే?"

"ఇక్కడే, లోలా" అంది మైలెన్, నేల చూస్తూ.

"శవం ఎక్కడుందప్పుడు?"

జెర్విన్ వేలు పైకి చూపించాడు. ఆవిడ ఆ వేలిని చూసింది, పైకప్పుని చూసింది, మళ్ళీ వీళ్ళని చూసింది. తన వయసులో ఇంత తెలివితక్కువతనం ఒకే గదిలో చూడలేదన్నట్టు చూసింది.

"చచ్చినవాడి ఇంటికిందే దులుపుకుంటే ఎక్కడికి పోతాడురా? మీరే చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వాన పడుతున్నా ఇంకో చోటికి పోవాల్సింది. తడిస్తే జలుబే చేస్తుంది." బేసిన్ పక్కకి జరిపింది. "పంపించాలంటే ఒకటే దారి. దేని కోసం ఆగాడో అది తీసెయ్యాలి."

"దేని కోసం ఆగాడు?"

ఆవిడ బోర్డు చూపించింది. "తన పేరు పక్కన ఆ సున్నా పెట్టుకుని ఏ మనిషికి మాత్రం పోవాలనిపిస్తుంది?"

పొన్సో గుడ్డ తీసుకున్నాడు. జెర్విన్ అడ్డం పడ్డాడు.

"కుయా, నా సంఖ్య! ఎన్నాళ్ళ కష్టమో తెలుసా?"

"ఆయన సున్నా ఒక్కటీ తుడుస్తాన్లే."

"ఆయనది తుడిచి వీడిది ఉంచితే ఆయనకి ఇంకా మండుతుంది" అంది లోలా బియాంగ్.

ఆ మాటతో జెర్విన్ పక్కకి జరిగాడు. పొన్సో మొత్తం తుడిచేశాడు. జెర్విన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు, సొంత తండ్రి పోయినా అంతలా తిరుగుతాడో లేదో.

సరిగ్గా అప్పుడే మెట్లు కిరకిరలాడాయి. ఆలింగ్ చోలెంగ్ తన జన్మలో మొదటిసారి షాపులోకి వచ్చింది. నల్లబట్టలు, చేతిలో జపమాల. సిగరెట్లని చూసింది, జిన్ను సీసాల్ని చూసింది, బేసిన్‌ని చూసింది.

"నా మొగుడి పేరు మీద దుకాణం పెట్టావా పొన్సో?"

"అయ్యో, నేను కాదండి. ఆయనే రోజూ వస్తున్నారు."

"వస్తున్నాడా! ఏడీ, ఇప్పుడు రమ్మను."

అందరూ తెరవైపు చూశారు. పేరు పక్కన చుక్క లేదు. ఆవిడ నిలబడినంత సేపూ వెలగలేదు. ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయిన కాసేపటికి టక్కున వెలిగింది.

"చచ్చినా ఆవిడంటే భయం పోలేదు పాపం" అన్నాడు నిలో.

ఆ రాత్రంతా పొన్సోకి నిద్ర లేదు. పంపిస్తే పోటీ ఓడిపోతారు, షాపుకి తాళం. ఉంచితే షాపులోకి నరపురుగు రాదు, అయినా తాళమే. చివరికి తెల్లారి లేచి ఖాళీ కుర్చీ ముందు నిలబడి నచ్చజెప్పాడు: "చూడండి మాంగ్ ఉస్టింగ్, సున్నా తుడిచేశాను. మీకిక మా మీద కోపం వద్దు. కానీ ఆ ఫియెస్తా ఒక్కటీ అయ్యాక వెళ్ళండి. ఎలాగూ నలభయ్యో రోజు దాకా మీరు ఇటే తిరుగుతుంటారు కదా." కుర్చీ ఏమీ అనలేదు. దాన్ని ఒప్పుకోలు కిందే లెక్కేశాడు. పోటీకి పంపిన పేర్లలో ఐదో పేరు మాంగ్ ఉస్టింగ్ అనే రాశాడు.

నలభయ్యో రోజు వచ్చింది. వీధిలో బ్యాండు మేళం, రంగుకాగితాల తోరణాలు. పైన ఆయన పేరున చివరి ప్రార్థన. ఎవరి షాపులో వాళ్ళు కూర్చుని ఆడటం, చూసుకోవడానికి చెరో షాపుకీ ఒక పేట కౌన్సిల్ సభ్యుణ్ణి పంపడం అక్కడి పద్ధతి. పొన్సో షాపుకి రుఫో అనే సభ్యుడు వచ్చాడు. పంది వేపుడు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నలుగురే ఉన్నారు. ఐదోవాడేడీ?"

"ఆయన ఇక్కడ కూర్చోరండి. వేరే చోటి నుంచి ఆడతారు" అన్నాడు పొన్సో.

రుఫో పేరు చదివాడు. పంది ముక్క నోటి దగ్గర ఆగింది. "ఈయన... పోయినెల నేనే కదయ్యా పెట్టె మోసింది?"

"పోయినవాళ్ళు ఆడకూడదని నిబంధన ఉందాండీ?"

రుఫో ఆలోచించాడు. నిబంధన లేదు. ఆయన తన కుర్చీని తలుపు దగ్గరికి లాక్కుని, ఒక కాలు బయట పెట్టుకుని కూర్చున్నాడు.

ఆట మొదలైంది. పచ్చచుక్క వెలగలేదు.

"వస్తాడు. ఆగండి" అన్నాడు పొన్సో.

వెలగలేదు. చెరువు మీంచి మంచు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. పైన ప్రార్థన గొంతులు ఆగిపోయాయి. 

"నలభయ్యో రోజు కుయా, ఇవాళ పైకి వెళ్ళిపోతారు. వెళ్ళిపోయాడు" అంది మైలెన్. ఆ మాట అంటూంటేనే ఆమె బొమ్మ కూలింది. కవలలు బెదిరి చెరో వైపు పరిగెత్తి చెరో మూలా కూలారు. జెర్విన్ ఒక్కడే మిగిలాడు. అతని తుపాకీ ఎదుటే అవతలి గట్టు జట్టు నాయకుడు, వీపు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. ఆ వీపు కోసం జెర్విన్ అంతకుముందు కన్నతల్లిని అమ్మేవాడు.

పొన్సో ఇక చూడలేక కళ్ళు మూసుకున్నాడు. మంచినీళ్ళ షాపు, వరసగా నీలం డబ్బాలు, అన్నీ కనపడ్డాయి.

జెర్విన్ ఏడో కుర్చీ వైపు ఒకసారి చూశాడు. "ఛీ" అన్నాడు. తుపాకీ దించి, పాక్కుంటూ వెళ్ళి మైలెన్‌ని లేపాడు. ఇద్దరూ పాక్కుంటూ నిలో దగ్గరికి వెళ్ళారు.

అప్పుడు వెలిగింది పచ్చచుక్క. మాంగ్ ఉస్టింగ్ బొమ్మ వచ్చింది. ఈసారి గోడకి గుద్దుకోలేదు. తిన్నగా, తడబడకుండా నోనొయ్ దగ్గరికి వెళ్ళి వంగింది. హెడ్‌ఫోన్లలో, నలభై రోజుల్లో మొదటిసారి, గొంతు వినపడింది:

"అందరూ ఎక్కారా?"

ఆడగొంతు!

హెడ్‌ఫోన్లు లేని పొన్సోకి ఆ మాట పైకప్పులోంచి వినపడింది. ఇవాళ ఆ చప్పుడు మింగెయ్యడానికి వాన లేదు. ఆ వెంటనే పుంజు కూసింది, అదీ పైకప్పులోంచే. ఆ తర్వాత క్షణానికి కవలలు చెవులు పట్టుకుని, "కూసింది, మళ్ళీ కూసింది!" అన్నారు. పొన్సో నోరు తెరిచాడు. తెరిచి, గెలుపు గుర్తొచ్చి, మూసేశాడు. ఐదు బొమ్మలూ ముద్దగా కదిలాయి. కాసేపట్లో అయిపోయింది. వీధి అవతల బ్యాండు వీళ్ళ కోసం కాకపోయినా సరిగ్గా అప్పుడే మోగింది. గెలిచారు. జెర్విన్ కిల్స్ సున్నా.

అందరూ మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ పైకి పరిగెత్తారు. భోజనాల బల్ల దగ్గర ఆలింగ్ చోలెంగ్ కూర్చుని ఉంది. ముందు మేనకోడలి లాప్‌టాప్, నెత్తిన మొగుడి హెడ్‌ఫోన్లు, పక్కన కాఫీ గ్లాసులో చెంచా. వంటింటి కిటికీ మీద ఎర్రగా, బలంగా, జనరల్.

"ప్రార్థనకి వచ్చినవాళ్ళు లేవరే! తిని తిని కూర్చున్నారు. ఆలస్యమైంది" అంది.

"మీరా? ఇన్నాళ్ళూ మీరేనా?" అన్నాడు పొన్సో.

"ముప్పయ్యేళ్ళు బస్సులోనే ఉన్నాడు. మిగిలింది మీ షాపులో ఉన్నాడు. నా దగ్గర ఎప్పుడున్నాడని? అంతగా అక్కడేముందో చూద్దామని మొదలుపెట్టాను." చెంచా తిప్పింది. "పాస్‌వర్డు నా పుట్టినరోజు. అదొక్కటైనా గుర్తుపెట్టుకున్నాడు మహానుభావుడు."

"మరి ఆ రోజు నేను పడిపోతే, లేపకుండా అలా చూస్తూ నిలబడ్డారే! నా ప్రాణం పోయింది" అన్నాడు జెర్విన్.

"లేపడానికి ఏది నొక్కాలో వెతుక్కుంటున్నానురా. కళ్ళజోడు వంటింట్లో ఉండిపోయింది."

జెర్విన్ బల్ల మీద కూలబడ్డాడు. నోనొయ్ పుంజుని చూస్తూ, "అయితే ఆ రోజు మేం తిన్నదెవర్ని?" అన్నాడు.

"బజారు కోడిని. అన్నీ కావాలి మీకు." ఆవిడ పొన్సో వైపు తిరిగింది. "నీళ్ళ షాపువాళ్ళకి వద్దని చెప్పేశాను. రేపట్నుంచి ఏడో సీటు నాది. ఈ లాప్‌టాప్ ఆగి ఆగి నడుస్తోంది."

పొన్సో ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. షాపు నిలిచింది. తేలికపడ్డ మనసుతో నవ్వుతూ అన్నాడు: "కానీ మొదటి రోజే మమ్మల్ని బెదరగొట్టేశారండీ. మంగళవారం, మేం జావ తాగి దిగీదిగగానే చుక్క వెలిగించి ఆర్పేశారు."

"మంగళవారమా? ఆ రోజు నేనెక్కడ ఆడాను? ఆయన పక్కన కూర్చుని ఉన్నాను కదా. ఈ లాప్‌టాప్ అంత్యక్రియలయ్యాక గానీ ఇంటికి రాలేదు."

 జనరల్ ఒక్కసారి రెక్కలు టపటపలాడించింది. పొన్సో మెట్లు దిగి షాపులోకి వెళ్ళి ఏడో కంప్యూటరు వెనక చేయి పెట్టి చూశాడు. ప్లగ్గు పీకే ఉంది. తను గోడవైపు తిప్పి పెట్టిన కుర్చీ మాత్రం తెరవైపు తిరిగి ఉంది. ఊడ్చేటప్పుడు తనే తిప్పి ఉంటాడని అనుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఐదుగురూ బేకరీలో ఆగారు. మైలెన్ ఎవరూ అడక్కుండానే ఆరు పాండెసాల్ పొట్లం కట్టింది.

మర్నాడు పొన్సో ఖాళీ బోర్డు ముందు చాలాసేపు నిలబడి, ఇకనుంచి కిల్స్ రాయకూడదని, ఎవరు ఎందర్ని లేపారో అదే రాయాలని, గంట ఉచితం వాళ్ళకే ఇవ్వాలని నిర్ణయించాడు. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. వారం తిరక్కుండానే జెర్విన్ పేరు మళ్ళీ పైకి చేరింది. లేపడానికి మనుషులు చాలక, ముందు బాంబు వేసి మమ్మల్ని వాడే పడేస్తున్నాడని కవలలు చెప్పారు.